‘రాదు’లో దు లేపేస్తే అది కళా, కోతిపనా?

గీతలపిచ్చి:

నేను రోజూ నడిచే దారిలో ఒక పొడుగాటి గోడ ఉంది. దాని మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో "ఇచ్చట ప్రకటనలు అంటించరాదు" అని రాసి ఉండేది. మొన్న చూస్తే చివరి దు లేదు. మిగతా అక్షరాలు అలాగే ఉన్నాయి, దు ఒక్కటే మాయం. ఇప్పుడది "ఇచ్చట ప్రకటనలు అంటించరా". అంతవరకూ కసురుకుంటున్న గోడ ఒక్కసారిగా భుజం మీద చెయ్యేసి పిలిచినట్టు అనిపించి రోడ్డు మీదే పైకి నవ్వేశాను, పక్కనున్నాయన అదోలా చూశాడు.

అప్పటి నుంచి నాకు ఇదే పిచ్చి. ఏ బోర్డు చూసినా ఒక అక్షరం తీస్తే ఏమవుతుంది, ఒకటి కలిపితే ఏమవుతుంది అని లెక్కలు. "వాహనములు నిలుపరాదు"లో కూడా దు తీస్తే "నిలుపరా" అయిపోతుంది, అసలు రాదు ఉన్న ప్రతి బోర్డుకీ ఈ గండం ఉన్నట్టుంది. "పనులు జరుగుచున్నవి" చివర ఒక్క ట తగిలించండి, "జరుగుచున్నవిట". నెలల తరబడి అదే గొయ్యి దగ్గర అదే బోర్డు చూసినవాళ్లకి ఆ ట ఎంత హాయిగా ఉంటుందో. "ముందు మలుపు కలదు" పైన చిన్న అక్షరాల్లో "కథలో" అని పెడితే ఇంకో రకం మజా.

ఇంట్లో వినైల్ షీటు కోసి నాలుగు స్టిక్కర్లు కూడా చేసుకున్నా. నో ఎంట్రీ గుర్తులో తెల్ల పట్టీ ఉంటుంది కదా, దాని మీద కాళ్లు వేలాడేసుకుని పుస్తకం చదువుకుంటున్న పిల్ల బొమ్మ. ఇంకా ఎక్కడా అంటించలేదు. అక్క చూసి "జైలుకెళ్తావే" అంది. అందుకే అడుగుతున్నా. ఇలాంటివి చేసేవాళ్లు హద్దు ఎక్కడ పెట్టుకుంటారు? రంగు పూస్తేనే తప్పా, ఊడొచ్చే స్టిక్కరైతే పర్లేదా? ఎవరికీ ఇబ్బంది లేకుండా మొదలుపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? తిట్టేవాళ్లు కూడా తిట్టండి, కానీ కారణం చెప్పి తిట్టండి.

అర్ధరాత్రి_జిగురు:

ముందు ఆ దు లేపేసిన మహానుభావుడికి ఒక దండం. కలపడం ఎవడైనా కలుపుతాడు, తీసేసి నవ్వించడం కష్టం. పైగా ఒకే ఒక్క అక్షరం, ఎంత నిగ్రహం చూడండి.

మీ నో ఎంట్రీ పిల్లకి ఒక పెద్దన్న ఉన్నాడు. క్లె అబ్రహాం అని ఫ్రాన్స్‌లో పుట్టి ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో స్థిరపడిన ఆర్టిస్టు, 2010 ప్రాంతం నుంచి ఇదే పని. ఆయన బొమ్మల్లో బాగా తిరిగింది ఏదంటే, నో ఎంట్రీలోని తెల్ల పట్టీని చెక్క దూలంలాగా మోసుకుపోతున్న నల్లటి మనిషి. ముందు దారి లేదని చెప్పే టీ ఆకారం గుర్తు ఉంటుంది కదా, దాన్ని శిలువ చేసి దాని మీద క్రీస్తుని పెట్టాడు. అన్నీ ఊడొచ్చే స్టిక్కర్లే. గమనించాల్సింది ఏంటంటే, ఎర్ర గుండ్రం అలాగే ఉంటుంది, తెల్ల పట్టీ అలాగే ఉంటుంది, వంద అడుగుల దూరం నుంచి డ్రైవరుకి అది మామూలు నో ఎంట్రీనే. దగ్గరికొచ్చిన పాదచారికి మాత్రమే జోకు కనపడుతుంది. అంటే బోర్డు తన డ్యూటీ తను చేస్తూనే ఇంకో మాట కూడా అంటుందన్నమాట. నా లెక్కలో హద్దు అదే. మీ పుస్తకం పిల్ల ఆ హద్దు లోపలే ఉంది, దిగులు పడకండి. అయినా ఆయనకీ జరిమానాలు పడ్డాయి లెండి, అది వేరే సంగతి.

రోడ్డు మీద గీతలతో ఆడుకున్నవాడు ఇంకొకడు ఉన్నాడు, కెనడాలోని మాంట్రియల్‌లో, రోడ్స్‌వర్త్ అని పేరు పెట్టుకున్నాడు, అసలు పేరు పీటర్ గిబ్సన్. 2001లో మా ఊళ్లో సైకిళ్లకి దారి లేదేంటని తనే రాత్రిళ్లు స్టెన్సిల్ (ఆకారం కోసిన అట్ట) పట్టుకుని సైకిల్ గుర్తులు వేయడంతో మొదలై, తర్వాత జీబ్రా క్రాసింగ్‌ని బూటు ముద్రగా మార్చడం, రోడ్డు మధ్య గీతని జిప్పులాగా విప్పడం దాకా వెళ్లింది. 2004లో పట్టుకున్నారు, 50కి పైగా కేసులు రాశారు. జనం వెనక నిలబడ్డారు, శిక్ష తేలిగ్గా పోయింది, ఆ తర్వాత పట్టుకున్న నగరమే పిలిచి పనులిచ్చింది. మీ అక్కకి ఈ కథ రెండో సగం మాత్రం చెప్పండి.

బోర్డుబాబాయ్:

ఇరవై ఏళ్లుగా రోడ్డు బోర్డులు తయారుచేయించి నిలబెట్టించే పనిలో ఉన్నాను. పైన ఆయన చెప్పింది సగమే నిజం. మిగతా సగం రాత్రి పూట కనపడుతుంది.

అమ్మాయ్, నువ్వు బోర్డు చూసేది పగలు. అది నిజంగా పనిచేయాల్సింది చీకట్లో, వానలో, అలసిపోయిన డ్రైవరు కంటికి. బోర్డు మీద ఉండేది ఉత్త రంగు కాదు, వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపే షీటు. అందులో సన్నని గాజు పూసలో, పట్టకాల్లాంటి గళ్లో ఉంటాయి, హెడ్‌లైటు వెలుగు దాని మీద పడి తిరిగి అదే బండి వైపు వస్తుంది. నువ్వు అంటించే వినైల్‌కి ఆ గుణం లేదు. పగలు ముచ్చటగా ఉన్న పిల్ల రాత్రికి నల్లటి మచ్చ. స్టిక్కరు ఊడొస్తుంది నిజమే, జిగురు ఊడిరాదు. దాన్ని థిన్నరు పెట్టి రుద్దితే షీటు పాడై మొత్తం బోర్డే మార్చాల్సి వస్తుంది. నా చేత్తో మార్చినవే లెక్కలేనన్ని.

స్టాప్ బోర్డు ఎనిమిది పలకలు ఎందుకుంటుందో ఆలోచించావా? 1923లో అమెరికాలో రోడ్ల అధికారులు కొందరు కూర్చుని, ప్రమాదం పెరిగే కొద్దీ బోర్డుకి పలకలు పెంచుదాం అనుకున్నారు. రాసిన మాట కనపడకపోయినా, వెనక నుంచి చూసినా, ఆకారం చూసి తెలియాలని. అప్పట్లో అది పసుపు రంగులో ఉండేది, రాత్రిళ్లు వెలిగే ఎర్ర రంగు నిలకడగా దొరికాక 1954లో ఎరుపుకి మారింది. ఒక గుర్తు వెనక ఇంత ఉంటుంది. అందుకే ఎవరైనా "చిన్న స్టిక్కరే కదా" అంటే నాకు కాలుతుంది.

ఇంకోటి. ఇప్పుడు బోర్డు చదివేది మనుషులే కాదు. 2017లో అమెరికా యూనివర్సిటీల పరిశోధకులు స్టాప్ బోర్డు మీద నాలుగు నలుపు తెలుపు ముక్కలు అతికిస్తే, గుర్తులు చదివే కంప్యూటర్ మోడల్ దాన్ని 45 మైళ్ల వేగ పరిమితి అనుకుంది. మనిషికి అది మామూలు స్టాప్ బోర్డే. 2020లో ఇంకొకళ్లు 35 అని ఉన్న బోర్డులో 3 మధ్య గీతని నల్ల టేపుతో కాస్త సాగదీశారు, పాత మోడల్ కారు కెమెరా దాన్ని 85గా చదివి వేగం అందుకోబోయింది. మనిషికి అర్థమయ్యే జోకు యంత్రానికి కూడా అర్థం కావాలని లేదు. పైన చెప్పిన "వంద అడుగుల" సూత్రం దీనికి పనికిరాదు.

గీతలపిచ్చి:

బాబాయ్ గారూ, రాత్రి సంగతి నాకు నిజంగా తట్టలేదు. స్టిక్కర్లు తీసి డ్రాయర్లో పెట్టేశా. కానీ ఒక డౌటు, మరి గోడ మీద రాసినవి? వాటికి గాజు పూసలేం ఉండవు కదా.

బోర్డుబాబాయ్:

గోడ నా డిపార్ట్‌మెంటు కాదు. గోడగలవాణ్ణి అడుగు.

నడిచేవాడు:

బాబాయ్ గారితో ఒక్క చోట పేచీ. బోర్డు మీద చెయ్యేస్తే ప్రమాదమే అంటున్నారు, మరి బోర్డే తప్పుగా ఉంటే? లాస్ ఏంజెలెస్‌లో రిచర్డ్ అంక్రమ్ అనే ఆర్టిస్టు కథ వినే ఉంటారు. 110 ఫ్రీవే అనే పెద్ద రోడ్డు మీద వెళ్తుంటే ఇంటర్‌స్టేట్ 5 అనే ఇంకో హైవేకి ఉత్తరం వైపు ఎక్కడ తిరగాలో పైనున్న బోర్డులో లేదు, జనం చివరి నిమిషంలో లేన్లు మారి తిప్పలు పడేవాళ్లు. ఈయన ఫిర్యాదు రాస్తూ కూర్చోలేదు. ప్రభుత్వ కొలతలు తెప్పించుకుని, అదే మందం అల్యూమినియం, అదే రంగు, అదే అక్షరం, చివరికి కొత్తగా కనపడకుండా దుమ్ము కొట్టినట్టు మసక కూడా వేసి, 2001 ఆగస్టు 5న పట్టపగలు హెల్మెట్, నారింజ జాకెట్ వేసుకుని నిచ్చెనెక్కి బిగించేశాడు. తొమ్మిది నెలల వరకూ ఎవరికీ తెలియలేదు. బయటపడ్డాక అధికారులు వచ్చి చూసి, బాగానే ఉందని వదిలేశారు. 2009లో బోర్డు మార్చినప్పుడు ఆయన పెట్టిన గుర్తుని కొత్తదానిలో అసలు డిజైన్‌లోనే కలిపేశారు.

ఇందులో నవ్వొచ్చేది ఏమీ లేదు, నిజమే. కానీ నాకు ఇంతకు మించిన వీధి కళ లేదు. ఎవరూ గుర్తుపట్టకపోవడమే దాని గొప్పతనం.

బోర్డుబాబాయ్:

ఆయన మాట వేరు. ఆయన స్పెసిఫికేషన్ చదివాడు! మా దగ్గర కాంట్రాక్టర్లే చదవరు. ఆయన పనిలో నాకు అభ్యంతరం ఒక్కటే, కింద బళ్లు పోతుండగా పైన పానాతో పని చేయడం, అది చేజారితే కింద ఎవరి అద్దమో పగిలేది.

కానీ అధికారికంగా చేసినా అన్నీ నిలవవు. అమెరికాలోనే ఓక్ లాన్ అనే చిన్న ఊళ్లో 2007లో మేయరే స్టాప్ బోర్డుల కింద ఇంకో చిన్న ఎనిమిది పలకల బోర్డు పెట్టించాడు. పైన "ఆగుము", కింద "ఆగి గులాబీల వాసన చూడుము" అన్నట్టు. జనం ఆగడం లేదు, నవ్వుకైనా ఆగుతారని. దేశం మొత్తానికీ ఒకే ప్రమాణం ఉండాలని పైవాళ్లు పట్టుబట్టి మరుసటి ఏడాదికల్లా తీయించేశారు. నాకు కొంచెం బాధేసింది అని ఒప్పుకుంటా.

అర్ధరాత్రి_జిగురు:

బాబాయ్‌కి బాధేసిందట, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి అందరూ 😄

కానీ బాబాయ్ పాయింటుకి నేనే ఇంకోటి కలుపుతా, నా పార్టీకి వ్యతిరేకంగా. 2023 డిసెంబర్‌లో, ముఖం చూపించకుండా వీధుల్లో బొమ్మలు వేసే ఆర్టిస్టు బాంక్సీ లండన్‌లోని పెకమ్‌లో ఒక స్టాప్ బోర్డు మీద మూడు డ్రోన్లు వేశాడు. తనదే అని ఆయన ప్రకటించిన గంటలోపే, జనం ఫొటోలు తీస్తుండగానే ఒకడు వచ్చి కట్టర్‌తో కోసి పట్టుకుపోయాడు. కూడలిలో బోర్డు లేకుండా పోయింది, ఆనక నగరం వాళ్లు కొత్తది బిగించారు. బొమ్మ బోర్డుకి హాని చేయకపోయినా, బొమ్మకి వచ్చే రేటు చేస్తుంది. మనకి ఆ స్థాయి ప్రమాదం లేదు లెండి, మన స్టిక్కరు ఎవడూ దొంగిలించడు.

చాక్‌పీసు:

మీరంతా బోర్డుల దగ్గరే ఎందుకు ఆగిపోయారో నాకర్థం కావట్లేదు. వీధిలో బోర్డు కానిదే ఎక్కువ. అమ్మాయ్ అడిగిన మూడో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని. కింద చూడమ్మా. పగుళ్లు, మరకలు, పెచ్చులూడిన చోట్లు, రాళ్ల సందుల్లో మొలిచిన గడ్డి.

అమెరికాలో ఆన్ ఆర్బర్ అనే ఊరి ఆర్టిస్టు డేవిడ్ జిన్ ఉత్త సుద్దముక్క, బొగ్గుతో పని కానిస్తాడు. పేవ్‌మెంటు మీద ఉన్న మచ్చనో గుంటనో చూసి, ఇది ఎవరి కన్నో, ఎవరి ఇంటి తలుపో అని ఊహించి చుట్టూ బొమ్మ వేస్తాడు. ఒక ఆకుపచ్చ జీవి ఉంటుంది, రెండు కళ్లు కొమ్మల చివర్న పెట్టుకుని. వాన పడితే పోతుంది, అంతే. జర్మనీవాడు యాన్ ఫోర్మన్ 2007లో ఇటలీలో ఒక పల్లెటూళ్లో మొదలుపెట్టి, కూలిన గోడల సందుల్లో లెగో ముక్కలు పేరుస్తూ పోతే ఇప్పుడు వేరే దేశాల్లో వేరే మనుషులు కూడా అదే పని చేస్తున్నారు. లండన్‌లో బెన్ విల్సన్ అయితే ఇంకా తెలివైనోడు. కాలిబాట మీద జనం ఉమ్మేసి తొక్కేసిన చూయింగ్ గమ్ మచ్చల మీద వేలెడంత బొమ్మలు వేస్తాడు. పోలీసులు పట్టుకుంటే, నేను రోడ్డు మీద వేయలేదు, చెత్త మీద వేశాను అంటాడు. ఆ మాటకి ఎదురు ఏం చెప్తారు? థేమ్స్ మీద మిలీనియం బ్రిడ్జి దాటేవాళ్లు వంగి వంగి చూసుకుంటూ నడుస్తారు.

నేను కూడా కొన్నాళ్లు వేశా. నా మొదటి తప్పు చెప్తా, మీకు పనికొస్తుంది. పొడుగ్గా పడ్డ ఒక పగులు చూసి దాన్ని నది చేసి ఒడ్డున చిన్న పడవ, మనిషి, దాని కింద "దయచేసి దాటునప్పుడు చెప్పులు విప్పండి" అని రాద్దామని స్టెన్సిల్ కోశా. ఇంగ్లీషు అక్షరాలతో స్టెన్సిల్ వేసినవాళ్లకి తెలియదు, మన తెలుగు అక్షరాలు అన్నీ గుండ్రాలు, మూసుకుపోయిన గుండ్రాలు. అట్ట కోయగానే సున్నా మధ్య ముక్క టక్కున ఊడి కింద పడింది. తర్వాత ఇంకో అక్షరం కడుపు. అచ్చు వేస్తే గుండ్రాలన్నీ నిండు చుక్కలయ్యాయి, చూసినవాళ్లకి బురద చిమ్మినట్టుంది. ప్రతి మూసిన గుండ్రానికీ రెండు వైపులా సన్నని వంతెన వదిలి కోయాలి, ఠ లాంటివాటికి ఇంకా పని. లేదంటే స్టెన్సిల్ జోలికి పోకుండా చేత్తో రాసేయడం మేలు. చేతిరాతకి ఇంకో లాభం, ఎవరూ దాన్ని నిజం నోటీసు అనుకోరు.

చివరికి చేత్తోనే రాశా. పొద్దున వెళ్తే ఒక పెద్దావిడ నిజంగానే చెప్పులు చేత్తో పట్టుకుని ఆ పగులు దాటుతోంది, వెనక మనవడు పడీ పడీ నవ్వుతున్నాడు.

నడిచేవాడు:

చెప్పుల సంగతి అద్భుతం.

కింద చూడమన్నారు కాబట్టి గుంటలు కూడా చేర్చండి. బెంగళూరులో బాదల్ నంజుండస్వామి 2015లో నీళ్లు నిండిన పెద్ద గోతిలో నిలువెత్తు మొసలి బొమ్మ దింపాడు. 2019లో వ్యోమగామి వేషంలో ఒక మనిషిని గుంటల రోడ్డు మీద నెమ్మదిగా నడిపించి వీడియో తీశాడు, చంద్రుడి మీద నడుస్తున్నాడేమో అనుకునేలోపు పక్కనుంచి ఆటో వెళ్తుంది. ఆ తర్వాత రోడ్డు బాగుచేశారు. గమనించండి, ఆయన దేన్నీ చెరపలేదు, దేనిమీదా అంటించలేదు. బోర్డు పెట్టాల్సిన చోట బోర్డు లేదు కాబట్టి మొసలిని పెట్టాడు.

నాకు తోచింది ఏంటంటే, ఎవరి మీద నవ్వుతున్నామో తెలిస్తే సగం ప్రశ్నలు తీరతాయి. మొసలి గొయ్యి పూడ్చనివాళ్ల మీద నవ్వింది. దారి చూపే బాణాన్ని తిప్పేసి ఎవరో దారి తప్పితే చూసి నవ్వేవాడు దారిన పోయేవాడి మీద నవ్వుతున్నాడు. అది నాకు కళ కాదు, ఎంత తెలివిగా ఉన్నా.

బోర్డుబాబాయ్:

ఇది మాత్రం ఒప్పుకున్నా. ఇంకో ముక్క చెప్పి ఊరుకుంటా, ఎందుకంటే పైన స్టిక్కర్ల గురించి తేలిగ్గా మాట్లాడారు. 1996లో ఫ్లోరిడాలో ఒక కూడలిలో స్టాప్ బోర్డు పడి ఉంది, ముగ్గురు పిల్లలు, 18 ఏళ్లవాళ్లు, ఆగకుండా వెళ్లి లారీ కింద పోయారు. బోర్డులు పీకారని వేరే ముగ్గురికి 15 ఏళ్ల శిక్ష వేశారు, 2001లో అప్పీల్లో ఆ తీర్పు కొట్టేశారు. వాళ్లు పీకారా లేదా అన్నది పక్కన పెట్టు, బోర్డు లేకపోతే ఏమవుతుందో చూడు.

అమ్మాయ్, నీ పుస్తకం పిల్ల బాగుంది, పారేయకు. సిడ్నీలో మైకేల్ పెడర్సన్ అనే ఆయన ఉన్నాడు, ఉన్న బోర్డుల్ని ముట్టుకోడు, అచ్చం ఆఫీసు బోర్డులాంటి బుల్లి బోర్డులు తనే చేసి ఎవరూ పట్టించుకోని మూలల్లో పెడతాడు. నువ్వూ సొంతంగా ఒక చిన్న గుర్తు చేసుకో, బండి నడిపేవాడి కంటి ఎత్తులో కాకుండా పిల్లల మోకాలి ఎత్తులో, మీ గేటు లోపల పెట్టుకో. సైజు ఎంత ఉండాలో కావాలంటే నేను చెప్తా.

గీతలపిచ్చి:

బాబాయ్ గారూ, సైజు తప్పకుండా అడుగుతా. "జరుగుచున్నవిట" సంగతి మీరు ఎలాగూ ఒప్పుకోరని తెలుసు కాబట్టి అడగను, అది కూడా రోడ్డు భద్రత బోర్డే అంటారు.

బోర్డుబాబాయ్:

అవును. అది కూడా రోడ్డు భద్రత బోర్డే.

కానీ ట బాగుంది.

గీతలపిచ్చి:

అందరికీ ఒక అప్‌డేట్ ఇవ్వాలి, కొంచెం సిగ్గుగా ఉంది. నిన్న సుద్దముక్కలు పట్టుకుని ఆ గోడ దగ్గరికే వెళ్లా, దాని కింద ఒక పగులు ఉంది కదా అని. మొదటిసారి దగ్గర్నుంచి చూశా. దు ఎవరూ గీకలేదు. దాని చోట నలుచదరంగా పెచ్చు లేచిపోయి ఉంది, అంచుల్లో ఎండిపోయిన మైదా పిండి, చిన్న కాగితం ముక్క, దాని మీద "ప్రవేశములు జరుగుచు" అని సగం మాట. ఎవరో దు మీదే పోస్టరు అంటించారు, ఇంకెవరో వచ్చి పీకారు, దాంతో పాటు దు కూడా ఊడొచ్చేసింది.

అర్ధరాత్రి_జిగురు:

నా దండం వెనక్కి ఇచ్చేయండి.